వెన్నకు బదులు నెయ్యి పోస్తే

మే నెలలో తిరుపతిలో వెన్నను చక్కెరతో కలిపి గిలకొట్టి కేకు చేయబోయేవారికి మొదటి ఆటంకం ఆ వెన్నే. అది సుమారు 32 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ మధ్య కరిగిపోతుంది. బయట 40 డిగ్రీలు దాటిన రోజున ఫ్రిజ్‌లోంచి తీసిన ముక్క మన కళ్ల ముందే గిన్నె అడుగుకు జారుతుంది. కాబట్టి వెన్నకు బదులు ఏమి వాడాలన్నది ఇక్కడ డబ్బుతో పాటు ఎండతోనూ ముడిపడిన ప్రశ్న.

దుకాణంలో కొనే వెన్నలో కొవ్వు 80 శాతం, నీరు దాదాపు 16 శాతం. తక్కినది పాలలోని మాంసకృత్తులు, చక్కెర, ఉప్పు. నెయ్యిలోనూ నూనెలోనూ దాదాపు అంతా కొవ్వే. అందుచేత 100 గ్రాముల వెన్న ఉండవలసిన చోట 100 గ్రాముల నెయ్యి పోస్తే కేకు జిడ్డుగా, బరువుగా తయారవుతుంది. 80 గ్రాముల నెయ్యి, దానితో పాటు ఒక పెద్ద చెంచాడు పాలు వేస్తే లెక్క సరిపోతుంది. వేరుశనగ నూనెకూ ఇదే లెక్క వర్తిస్తుంది. అయితే గానుగ నూనె వాసన వెనిల్లాను మింగేస్తుంది కనుక, మన ప్రాంతపు పంటే అయినా, కేకుకు రిఫైన్డ్ నూనే మేలని నా అభిప్రాయం.

కొలత కుదిరినంత మాత్రాన పని పూర్తి కాదు. మరీ గట్టిగానూ మరీ మెత్తగానూ కాకుండా ఉన్న వెన్నను చక్కెరతో గిలకొట్టినప్పుడు చక్కెర పలుకులు దానిలోకి గాలిని చొప్పిస్తాయి, కొవ్వులోని సన్నని స్ఫటికాలు ఆ బుడగలను పట్టి ఉంచుతాయి. బేకింగ్ పౌడరు కొత్త బుడగలను పుట్టించదు, ఉన్నవాటిని ఉబ్బిస్తుంది. నూనెలో స్ఫటికాలే లేవు కనుక, నూనె కేకుకు గాలిని గుడ్లూ చక్కెరా గిలకొట్టి తెచ్చుకోవాలి. గుడ్లు వద్దనుకునే ఇంట్లో పెరుగులోని పులుపు, వంటసోడా కలిసి ఆ లోటును కొంత తీరుస్తాయి. మనం ఇష్టపడే పూసకట్టిన నెయ్యి కూడా ఇక్కడ ఇబ్బందే పెడుతుంది. నెమ్మదిగా చల్లారడం వల్ల దానిలో స్ఫటికాలు పెద్దవై పూసలుగా తేలతాయి, వాటి నడుమ గాలి నిలవదు. కరిగించిన నెయ్యి గిన్నెను మంచునీటిలో ఉంచి గిలకొడుతూ త్వరగా చల్లబరిస్తే స్ఫటికాలు సన్నగా ఏర్పడి, నెయ్యి తెల్లగా నురగలా లేస్తుంది. కొబ్బరి నూనె 25 డిగ్రీల దగ్గరే కరుగుతుంది కాబట్టి, మనకు ఏడాదిలో ఎక్కువ రోజులు అది మామూలు నూనె కిందే లెక్క.

బిస్కెట్ల సంగతి వేరు. కజ్జికాయల మైదాలో కాగిన నూనె కలిపితే పైపొర గుల్లగా వస్తుందని మన ఇళ్లలో అందరికీ తెలుసు. కొవ్వు పిండి రేణువులకు పూతలా పట్టి నీటిని అడ్డుకుంటుంది. దానితో పిండిలోని మాంసకృత్తులు నీటితో కలిసి ఏర్పడే గ్లూటెన్ అనే సాగే పోగులు పొడవుగా అల్లుకోలేవు. ఈ పనికి గాలి అంతగా అక్కరలేదు కనుకనే నాన్‌ఖటాయి నెయ్యితో చక్కగా కుదురుతుంది. వేసవిలో ముద్దను అరగంట ఫ్రిజ్‌లో ఉంచకపోతే మాత్రం పొయ్యిలో అప్పచ్చిలా పరుచుకుంటుంది.

పఫ్ పొరల్లో ఈ ఉపాయాలేవీ పనిచేయవు. అక్కడ గట్టి కొవ్వు పలకలు పిండి పొరలను విడదీస్తే, పిండిలోనూ వెన్నలోనూ ఉన్న నీరు ఆవిరై వాటిని పైకి లేపుతుంది. నూనె పిండిలో ఇంకిపోతుంది. బేకరీలు తరచుగా వాడే మార్జరీన్, అంటే నూనెలతో చేసే వెన్నలాంటి కొవ్వు, ఎండకు తట్టుకుంటుంది, కానీ నోటి వేడికి కూడా పూర్తిగా కరగక అంగిలికి అంటుకుంటుంది. వనస్పతిపై పాత భయానికి కారణమైన, గుండెకు హాని చేసే ట్రాన్స్ కొవ్వును, 2022 జనవరి నుంచి మన దేశంలో నూనెలు, కొవ్వులలో 2 శాతానికి పరిమితం చేశారు.

ఇక మిగిలింది వాసన. కేకు ఎర్రబడేటప్పుడు వచ్చే వెన్న కమ్మదనంలో పాల మాంసకృత్తులూ చక్కెరా వేడికి కలిసి పుట్టించే పరిమళం ఉంటుంది, నూనె దానిని ఇవ్వలేదు. నెయ్యి కాచిన గిన్నె అడుగున ఎర్రగా మిగిలేది సరిగ్గా ఆ పదార్థమే. పిల్లలు చక్కెర చల్లుకుని తినేయకముందే ఒక చెంచాడు తీసి నూనె కేకు పిండిలో కలిపితే, ఆ కమ్మదనం చాలావరకు తిరిగి వస్తుంది.