మార్చిన కీలు చుట్టూ ఎముక కరగకుండా

"నొప్పేం లేదుగా, మళ్ళీ ఎక్స్‌రే దేనికండీ?" మోకాలి కీలో తుంటి కీలో మార్పించుకుని పదేళ్ళు దాటినవారు అమలాపురంలోనైనా భీమవరంలోనైనా ఈ మాటే అంటారు. నొప్పి లేకపోతే కీలు బాగున్నట్టే అనుకోవడం పొరపాటు. చుట్టూ ఎముక కరుగుతున్నన్నాళ్ళూ చాలామందికి ఏమీ తెలియదు. పట్టు సడలి కీలు కదలడం మొదలయ్యాకే నొప్పి వస్తుంది. చేలగట్టు లోపల ఎండ్రకాయ బొరియ తవ్వుతున్నా పైన గడ్డి పచ్చగానే ఉంటుంది, ఇదీ అంతే.

ఎముకను కరిగించేవి మన ఒంట్లోని కణాలే. 1980లలో ఈ నేరాన్ని, కీలును ఎముకకు పట్టి ఉంచే ఎముక సిమెంటు మీద మోపారు. సిమెంటు వాడని కీళ్ళ చుట్టూ కూడా ఎముక గుల్లబారడం చూశాక అసలు కారణం అరుగుడు పొడి అని తేలింది. మోకాలి కీలులో లోహానికీ లోహానికీ మధ్య, తుంటి కీలులో లోహపు గుండుకూ గిన్నెకూ మధ్య, పాలిఇథిలిన్ ప్లాస్టిక్ ఉంటుంది. మామూలుగా తిరిగే మనిషి ఒక్కో కాలితో ఏడాదికి దాదాపు 10 లక్షల అడుగులు వేస్తాడు. అడుగడుగుకూ ఆ ప్లాస్టిక్ కొంచెం రాలుతుంది. రాలిన రేణువుల్లో ఎక్కువ భాగం ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కన్నా చిన్నవి. ఒంట్లో చెత్తను మింగే మాక్రోఫేజ్ కణాలు వాటిని మింగుతాయి గానీ అరిగించుకోలేవు. అప్పుడవి విడుదల చేసే రసాయనాలు ఎముకను తినే ఆస్టియోక్లాస్టులను పురిగొల్పుతాయి. కీలులోని ద్రవం ఆ పొడిని స్క్రూ రంధ్రాల్లోకీ, సిమెంటు అంచుల్లోకీ నెట్టుకుపోతుంది.

తుంటిలో ఈ అరుగుడు ఏడాదికి 0.1 మి.మీ. దాటితే ఎముక కరిగే ప్రమాదం పెరుగుతుంది, 0.05 మి.మీ. లోపుంటే అది చాలా అరుదు. రేడియేషన్‌తో అణుగొలుసులను ఒకదానికొకటి ముడివేసిన గట్టి ప్లాస్టిక్ 1990ల చివర్లో వాడుకలోకి వచ్చి తుంటి మార్పిడి తీరునే మార్చేసింది. మోకాలి విషయంలో అంత స్పష్టమైన తేడా కనపడలేదు. కాబట్టి తుంటికైతే ఆ ప్లాస్టికే వేస్తున్నారో లేదో అడగడం మంచిది. మోకాలికి అదనపు డబ్బు కట్టమంటే ఎందుకో అడిగి తెలుసుకోవాలి. మోకాలిలో అంతకన్నా ముఖ్యం, కాలు వంకర సరిగ్గా తీశారా అన్నది. బరువంతా ఒక పక్కకే పడితే ప్లాస్టిక్ ఆ పక్కనే అరుగుతుంది, కింది ఎముక ఆ పక్కనే కుంగుతుంది.

రెండో కారణానికి పొడితో సంబంధం లేదు. ఎముక మీద బరువు పడితేనే అది గట్టిగా ఉంటుంది. టైటానియం మన ఎముక కన్నా సుమారు ఐదారు రెట్లు, కోబాల్ట్ క్రోమ్ పది రెట్లకు పైగా బిరుసు. తుంటి కీలుకు ఉండి తొడఎముకలోకి దిగే లోహపు కాడ బరువునంతా తనే మోస్తే, పైభాగపు ఎముకకు పని తగ్గి పలచబడుతుంది. ఈ నష్టంలో ఎక్కువ భాగం మొదటి ఏడాదిలోనే జరుగుతుంది. ఆ ఏడాది భయపడి మంచం పట్టినవారికి నష్టం ఇంకా ఎక్కువ. అందుకే డాక్టరు బరువు మోపమన్నాక నడవాలి. చదును రోడ్డు మీద, కాలువ గట్టున సిమెంటు బాట ఉంటే దాని మీద, రోజూ నడవాలి.

తడిసిన చేలగట్టు మాత్రం వద్దు. మామూలు నడకలో తుంటి మీద ఒంటి బరువుకు రెండున్నర, మూడు రెట్ల భారం పడుతుంది. కాలు జారి తమాయించుకునే ఆ ఒక్క క్షణంలో అది ఏడెనిమిది రెట్లకు పోతుంది. సిమెంటు లేకుండా బిగించిన కీలుకు మొదటి మూడు నెలలూ ఇది మరీ ప్రమాదం. ఎముకకూ లోహానికీ మధ్య కదలిక 40 మైక్రాన్ల లోపుంటే లోహపు గరుకుల్లోకి ఎముక పెరుగుతుంది. 150 దాటితే ఎముకకు బదులు పీచుకండ పెరుగుతుంది, అది ఎప్పటికీ గట్టి పట్టు ఇవ్వదు. కలుపుకు గొంతుక్కూర్చోవడం, నేల మరుగుదొడ్డి, ఇవి మోకాలి కీలును వెనక అంచు మీదకు నొక్కి ముందు అంచును పైకి లేపుతాయి. ఎత్తు పీట, కమోడ్ కుర్చీ ఆపరేషన్‌కు ముందే ఇంట్లో సిద్ధం చేసుకోవాలి.

మందుల సంగతి. ఆహారంతో కలిపి రోజుకు 1000 నుంచి 1200 మి.గ్రా. కాల్షియం కావాలి. 100 గ్రాముల రాగిపిండిలో సుమారు 350 మి.గ్రా. ఉంటుంది. ముల్లుతో సహా తినే మెత్తళ్ళూ మంచివే, ఉప్పుచేప అయితే బీపీ ఉన్నవారు జాగ్రత్త. విటమిన్ డి 60,000 యూనిట్ల పొడి పొట్లం వారానికొకటే, రోజూ వేసుకుంటే విషమవుతుంది. ఎముక గుల్లబారిన వారికి బిస్‌ఫాస్ఫోనేట్ మందులు కీలు చుట్టూ తొలినాళ్ళ నష్టాన్ని తగ్గిస్తాయి, అయితే ఊడిన కీలును అవి తిరిగి బిగించలేవు. ఎముక గుల్లబారినవారు ఆరు నెలలకోసారి తీసుకునే డెనోసుమాబ్ ఇంజెక్షన్‌ను డాక్టరుకు చెప్పకుండా ఆపితే ఎముక వేగంగా పోతుంది. ఒళ్ళునొప్పులకని ఏళ్ళ తరబడి స్టెరాయిడ్ బిళ్ళలు మింగడం వీటన్నిటినీ వృథా చేస్తుంది.

డెల్టాలో బోదకాలు పాత సమస్య. వాచిన కాలికి మాటిమాటికీ జ్వరంతో ఎర్రదనం వస్తుంటే, ఆ ఎర్రదనానికి కారణమైన సూక్ష్మజీవులు రక్తం ద్వారా కీలుకు చేరవచ్చు. బురదలో నాని కాలివేళ్ళ సందులు పగిలినా వాటికి దారి దొరికినట్టే. రోజూ కాళ్ళు కడిగి, సందులు పొడిగా తుడవాలి. షుగరు అదుపులో ఉండాలి. కీలు సడలిందనిపిస్తే ముందు ఇన్‌ఫెక్షన్ లేదని తేల్చుకోవాలి. ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ అనే రక్తపరీక్షలు చేయించి, అవసరమైతే కీలులోంచి నీరు తీసి పరీక్షించాలి. ఆ పరీక్షకు ముందే యాంటీబయాటిక్ వేసుకుంటే, ఇన్‌ఫెక్షన్ ఉన్నా పరీక్షలో బయటపడకపోవచ్చు.

ఎక్స్‌రే ఆపరేషన్ అయిన వెంటనే, ఆరు వారాలకు, ఏడాదికి తీయించాలి. ఆ తర్వాత రెండు మూడేళ్ళకోసారి, పదేళ్ళు దాటాక ఏటా అయితే మేలు. మోకాలికి నిలబెట్టి తీసిన ఫిల్మే కావాలి. ఒక్క ఫిల్ము చూసి చెప్పగలిగేది తక్కువ. సిమెంటు చుట్టూ నల్లగీత వెడల్పవుతోందా, 2 మి.మీ. దాటిందా, కాడ కిందికి దిగిందా అన్నవి పాతది పక్కన పెడితేనే తెలుస్తాయి. వరద నీటికీ చెమ్మకూ ఫిల్ములు అతుక్కుపోతాయి, అందుకని సీడీ అడిగి తీసుకోవాలి, ఫోనులోనూ ఫొటో తీసి ఉంచుకోవాలి. కీలు కంపెనీ, సైజు, లాట్ నంబరు ఉన్న స్టిక్కరును డిశ్చార్జి కాగితం మీద అంటించమని అడగాలి. మళ్ళీ తెరవాల్సి వస్తే సర్జన్ మొదట వెతికేది దాన్నే.

కుర్చీలోంచి లేచి వేసే మొదటి నాలుగు అడుగుల్లో తొడలోనో గజ్జల్లోనో నొప్పి వస్తే, అది నడుస్తుంటే తగ్గినా సరే, వెంటనే చూపించుకోవాలి. తుంటిలో గిన్నె గట్టిగానే ఉండి, లోపలి ప్లాస్టిక్ అరిగి, వెనక ఎముక గుల్లబారిందని తొలిదశలోనే తెలిస్తే, చాలాసార్లు ప్లాస్టిక్ మాత్రం మార్చి గుల్లలో ఎముక పొడి నింపితే సరిపోతుంది. గిన్నె కూడా ఊడాక వస్తే దాన్ని తీసి, పోయిన ఎముకకు బదులు లోహపు ముక్కలు పెట్టి, పొడవైన స్క్రూలతో కొత్తది బిగించాలి. దానికి ఆపరేషన్ సమయమూ, రక్తమూ, ఖర్చూ చాలా ఎక్కువ.