‘ట్రస్టులో భద్రం’: 46,000 మంది అంత్యక్రియల డబ్బు వెనక ఒక పాత మినహాయింపు

అంత్యక్రియల ప్లాన్లు అమ్మిన సేఫ్ హ్యాండ్స్ కంపెనీ పేరు బ్రిటన్ వార్తల్లోకి వచ్చిన ప్రతిసారీ అదే తగాదా మళ్లీ మొదలవుతుంది. తమ అంత్యక్రియలకు తామే ముందుగా డబ్బు కట్టుకున్న దాదాపు 46,000 మందికి జరిగిన నష్టం ఎవరు భరించాలి? కంపెనీ కూలింది 2022 మార్చిలో. ఇలాంటి ప్లాన్లు అమ్మే కంపెనీలన్నీ ఆర్థిక నియంత్రణ సంస్థ ఎఫ్‌సీఏ కిందికి వచ్చింది అదే ఏడాది జులై 29న. వాదనలన్నీ ఈ నాలుగు నెలల చుట్టూనే తిరుగుతున్నాయి. నియంత్రణ ఆలస్యంగా వచ్చిందని కొందరు, నియంత్రణ రాబట్టే కంపెనీ కూలిందని మరికొందరు. నాకు మాత్రం 2022 ఈ కథకు చివరి అంకంగానే కనిపిస్తుంది. మొదలు 2001లో ఉంది, చట్టంలో రాసుకున్న ఒక మినహాయింపులో.

చావు ఖర్చుకని చందాలు పోగేసుకున్న బరియల్ క్లబ్బులు, వారానికో పెన్నీ వసూలు చేసుకెళ్లే బీమా ఏజెంట్లు, అనాథ శవంగా పోతామేమోనన్న పేదవాళ్ల భయం, ఇదంతా చాలామంది చాలాసార్లు రాసిందే. అందులోంచి ఒక్క సంగతి మాత్రం ఇక్కడికి కావాలి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత బ్రిటన్ ప్రభుత్వం కుటుంబాలకు చావు ఖర్చుకని ‘డెత్ గ్రాంట్’ ఇచ్చేది. 1949లో అది 20 పౌండ్లు. 1967లో 30 పౌండ్లయింది. ఆ తర్వాత ధరలు ఎంత పెరిగినా అది మాత్రం కదల్లేదు. చివరికి 1987లో దాన్ని ఎత్తేసి, బాగా పేదవాళ్లకు మాత్రమే సాయం మిగిల్చారు. ప్రీపెయిడ్ ప్లాన్లు మార్కెట్లో నిలదొక్కుకున్నది సరిగ్గా ఆ కాలంలోనే. ప్రభుత్వం పక్కకు తప్పుకున్న చోటికి సేల్స్‌మన్ వచ్చి కూర్చున్నాడు.

అతను చెప్పిన మాట వినడానికి బాగానే ఉంది. ఇవాళ్టి ధర కడితే చాలు, మీరు పోయే నాటికి ధర ఎంతున్నా మీ పిల్లల మీద పైసా భారం పడదు అన్నాడు. సన్‌లైఫ్ బీమా సంస్థ ఏటా వేసే లెక్క ప్రకారం 2004లో ఒక సాధారణ అంత్యక్రియకు సగటున 1,835 పౌండ్లు అయ్యేది, 2023 నాటికి అది 4,141కి చేరింది. అలాంటప్పుడు డెబ్భై దాటిన మనిషి తన పొదుపులోంచి తీసి కట్టడం తెలివితక్కువ పనేమీ కాదు. కొడుకులూ కూతుళ్లూ ఏడుస్తూ ధరలు బేరమాడే పరిస్థితి రాకూడదనుకున్నారు, అంతే. వాళ్లను ‘ఆశపడ్డారు’ అనేవాళ్ల మాట నాకు మింగుడుపడదు. లాభం కోసం పెట్టిన డబ్బు కాదది.

ఆ ప్లాన్ కాగితం ఎలా ఉంటుందో ఒకసారి చూడాలి. పైన పేరు, ప్లాన్ నంబరు. కింద వరసగా: మృతదేహాన్ని తీసుకెళ్లడం, శుభ్రం చేసి భద్రపరచడం, శవపేటిక, దాన్ని మోసుకెళ్లే కారు, దగ్గరుండి నడిపించే ఫ్యూనరల్ డైరెక్టర్. ఆ తర్వాత ‘ఇతరులకు చెల్లించాల్సినవి’ అని ఇంకో భాగం. శ్మశానవాటిక రుసుము, ప్రార్థన చదివే మనిషికి ఇచ్చేది, ఇంగ్లండ్‌లో చాలా ఏళ్లపాటు దహనానికి ముందు సంతకం పెట్టే డాక్టరుకు ఇవ్వాల్సిన 82 పౌండ్లు, ఇవన్నీ అందులోకి వస్తాయి. చాలా ప్లాన్లు ఈ భాగానికి కొంత మొత్తమే కేటాయించేవి, మిగిలింది కుటుంబం జేబులోంచి పోవాల్సిందే. ‘పైసా భారం పడదు’ అన్న మాట అక్కడే సగం వీగిపోయేది. అయినా కట్టినవాళ్ల మనసు నిమ్మళించింది ఆ ఖర్చుల జాబితా చూసి కాదు, మీ డబ్బు ట్రస్టులో భద్రంగా ఉంటుందన్న హామీ చూసి.

ఆ హామీ పుట్టిందే నేను చెబుతున్న చోట. ఆర్థిక సేవల చట్టం కింద 2001లో వచ్చిన ఉత్తర్వులో 59వ ఆర్టికల్ ఈ ప్లాన్లను నియంత్రణ పరిధిలోకి తెచ్చింది. వెంటనే 60వ ఆర్టికల్ ఓ తలుపు తెరిచింది. కస్టమరు డబ్బును బీమా పాలసీలోనో ట్రస్టులోనో పెట్టే కంపెనీకి అనుమతితో పనిలేదంది. ట్రస్టుకు షరతులు కూడా రాశారు. ట్రస్టీల్లో సగం మందికి పైగా కంపెనీతో సంబంధం లేనివాళ్లు ఉండాలి. నిధుల నిర్వహణ అనుమతి ఉన్న సంస్థ చేతిలో ఉండాలి. ఏటా ఆడిట్ జరగాలి. కనీసం మూడేళ్లకోసారి ఆక్చువరీ, అంటే ముందు ముందు చెల్లించాల్సిన వాటి లెక్క కట్టే నిపుణుడు, ఉన్నదెంతో, ఇవ్వాల్సిందెంతో తేల్చాలి.

చదివితే పకడ్బందీగానే ఉంది. కానీ ఈ షరతులు పాటిస్తున్నారో లేదో చూసే బాధ్యత ఎవరికీ అప్పగించలేదు. షరతులు పాటిస్తున్న కంపెనీ నియంత్రణ సంస్థ పరిధిలో ఉండదు. పాటిస్తున్నానని చెప్పేది ఆ కంపెనీయే. ఫలితంగా 2002 జనవరి నుంచి ఇరవై ఏళ్లపాటు కంపెనీలన్నీ ఆ తలుపులోంచే వెళ్లాయి. 59వ ఆర్టికల్ కింద అనుమతి తీసుకుని నడిచే కంపెనీ ఒక్కటీ లేకుండా పోయింది. పరిశ్రమ తనంతట తాను ఫ్యూనరల్ ప్లానింగ్ అథారిటీ అని ఒక పర్యవేక్షణ సంఘం పెట్టుకుంది గానీ, అందులో చేరడం చేరకపోవడం కంపెనీ ఇష్టం.

ట్రస్టులో చిల్లు ఎలా పడుతుందో అర్థమైతే మిగతాదంతా అర్థమవుతుంది. కస్టమరు ఈ ఏడాది డబ్బు కడతాడు, అంత్యక్రియ జరిగేది పదేళ్లకో పదిహేనేళ్లకో. కట్టిన దాంట్లోంచి అమ్మినవాడి కమిషన్ ముందే పోతుంది. మిగిలింది ట్రస్టుకు చేరి, అంత్యక్రియల ధరలతో సమానంగా పెరగాలి. పెరగకపోయినా వెంటనే ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఈ నెల పోయినవాళ్ల ఖర్చుకు నిధిలో ఏదో ఒకటి ఉంటుంది, కొత్తవాళ్ల డబ్బు వస్తూనే ఉంటుంది. మామూలు సరుకైతే పాడైందని కొన్నవాడు వెనక్కి తెచ్చి అడుగుతాడు. ఇక్కడ కొన్నవాడు అడగడానికి ఉండడు. అందుకే మిగతా వాటన్నిటి కంటే దీనికే ఎక్కువ కాపలా కావాల్సింది. దీనికే లేకుండా పోయింది.

హెచ్చరికలు రాలేదనడానికి వీల్లేదు. ఈ రంగంలోని పెద్ద కంపెనీల్లో ఒకటైన డిగ్నిటీ స్వయంగా ఖర్చు పెట్టి ఫెయిరర్ ఫైనాన్స్ అనే పరిశోధన సంస్థ చేత చేయించిన అధ్యయనం 2017లోనే మార్కెట్ తీరును తప్పుపట్టింది. 2018 జూన్‌లో ఆర్థికశాఖ అభిప్రాయాలు అడిగింది. 2019లో ఎఫ్‌సీఏకు అప్పగిస్తామంది. 2021 జనవరిలో చట్టం చేసింది. అమలు 2022 జులైలో. అయిదేళ్లు. ఆ అయిదేళ్లూ ప్లాన్ల అమ్మకాలు ఆగలేదు.

సేఫ్ హ్యాండ్స్ కూడా ఎఫ్‌సీఏ అనుమతికి దరఖాస్తు పెట్టింది, తర్వాత వెనక్కి తీసుకుంది. ఆపైన అడ్మినిస్ట్రేషన్‌లోకి, అంటే దివాలా నిర్వాహకుల చేతిలోకి వెళ్లింది. ట్రస్టులో ఉన్నది ఇవ్వాల్సిన దానికి ఏ మాత్రం సరిపోదని తేలింది. డిగ్నిటీ కొంతకాలం ఆ కస్టమర్ల అంత్యక్రియలు జరిపించడానికి ముందుకొచ్చింది, అది తాత్కాలిక ఏర్పాటే. 2023 అక్టోబరులో తీవ్ర నేరాల విచారణ సంస్థ ఎస్‌ఎఫ్‌వో ఈ కంపెనీపైనా దాని మాతృసంస్థపైనా నేర విచారణ ప్రారంభించింది.

కఠిన నిబంధనలే కంపెనీలను ముంచాయనే వాదన ఒకటుంది. కొన్ని చిన్న కంపెనీలు కొత్త ప్రమాణాలు అందుకోలేక తప్పుకున్నది నిజమే. కానీ నిబంధన రావడంతో చిల్లు బయటపడిందంటే ఆ చిల్లు అంతకుముందే ఉందనే కదా.

పరిహారం అడుగుతున్నవాళ్ల మాటకు ఇంకా బలం ఉంది. ఇప్పుడు ఎఫ్‌సీఏ అనుమతి ఉన్న కంపెనీ మునిగితే పరిహార నిధి ఎఫ్‌ఎస్‌సీఎస్ ఆదుకుంటుంది. పిలవని ఫోన్‌కాల్స్‌తో అమ్మకాలు, మధ్యవర్తులకు కమిషన్లు నిషేధించారు. ప్లాన్ తీసుకున్న రెండేళ్లలోపు మరణిస్తే కట్టిందంతా వెనక్కి ఇచ్చే పద్ధతి తప్ప, అంత్యక్రియ జరిపించే హామీ లేని ప్లాన్ అమ్మడానికే వీల్లేదు. సేఫ్ హ్యాండ్స్ కస్టమర్లకు ఇందులో ఏదీ వర్తించదు. వాళ్ల కంపెనీకి ఎప్పుడూ అనుమతి లేదు గనక.

అమెరికాలో జరిగిన దాంతో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. మిస్సోరీ కేంద్రంగా నడిచిన నేషనల్ ప్రీఅరేంజ్డ్ సర్వీసెస్ 2008లో కూలింది. పదహారుకు పైగా రాష్ట్రాల్లో 97,000 మందికి పైగా కస్టమర్లు, నష్టం 45 కోట్ల డాలర్ల పైమాటే. దాన్ని నడిపిన వ్యక్తికి 2013లో తొమ్మిదేళ్ల ఏడు నెలల జైలు పడింది. అక్కడ ప్లాన్ల వెనక జీవిత బీమా పాలసీలు ఉన్నాయి కాబట్టి రాష్ట్రాల బీమా హామీ సంఘాలు చాలావరకు ఆదుకున్నాయి. అక్కడ జరిగిన మోసం చిన్నదేమీ కాదు, అయినా కింద పట్టుకోవడానికి ఒక వల ఉంది.

బ్రిటన్‌లోనూ ప్రభుత్వం ఇలాంటి సందర్భంలో చెయ్యి అందించిన దాఖలా ఉంది. 2019 జనవరిలో కూలిన లండన్ క్యాపిటల్ అండ్ ఫైనాన్స్ బాండ్లు కొన్నవాళ్లకు, ఎఫ్‌సీఏ పర్యవేక్షణ లోపాలను ఒక స్వతంత్ర నివేదిక ఎత్తిచూపాక, పెట్టిన అసలులో 80 శాతం, గరిష్ఠంగా 68,000 పౌండ్ల వరకు ఆర్థికశాఖే చెల్లించింది. అది ప్రత్యేక సందర్భమని అప్పుడే అనేసింది. ఆ కంపెనీకి ఎఫ్‌సీఏ అనుమతి ఉంది, చూడాల్సినవాడు సరిగ్గా చూడలేదు, అందుకని డబ్బు ఇచ్చారు. సేఫ్ హ్యాండ్స్ విషయంలో చూడాల్సినవాడినే చట్టం నియమించలేదు. ట్రస్టు షరతులు రాసింది ప్రభుత్వమే, వాటిని పాటిస్తే నియంత్రణ అక్కర్లేదన్నదీ ప్రభుత్వమే. ఆ రాత మీద నమ్మకంతో డబ్బు కట్టినవాళ్లలో చాలామంది ఇప్పుడు మళ్లీ కూడబెట్టుకునే వయసులో లేరు.