అదే మాత్ర, అదే మోతాదు, మరి విషం ఎలా అయింది?

ఒక పాఠకురాలు రాశారు: “మా అన్నయ్య, మనసు ఒకసారి ఉన్మాదంలోకి, ఒకసారి కుంగుబాటులోకి ఊగే బైపోలార్ జబ్బుకు ఆరేళ్లుగా లిథియం వాడుతున్నాడు. ఒక్క మాత్ర కూడా ఎక్కువ వేసుకోలేదు. మే నెలలో విరేచనాలు పట్టుకున్న నాలుగో రోజున చేతిలోని మజ్జిగ గ్లాసు సగం ఒలికిపోయింది, మాట ముద్దగా వచ్చింది, నడక తూలింది. లిథియం విషప్రభావమని చెప్పి డయాలిసిస్ చేశారు. మోతాదు పెరగకుండా మందు విషం ఎలా అవుతుంది?”

దీనికి జవాబు మూత్రపిండంలో ఉంది. లిథియాన్ని కాలేయం విచ్ఛిన్నం చేయలేదు. అది దాదాపు అంతా మూత్రంలోనే పోవాలి. రక్తం వడపోతలో ఉప్పులోని సోడియంతోపాటు కిందికి దిగిన లిథియాన్ని, వడపోత తర్వాత మొదట వచ్చే సన్నని గొట్టం (సమీపస్థ సంవళిత నాళిక) సోడియాన్ని రక్తంలోకి వెనక్కి తీసుకునేటప్పుడు ఇంచుమించు అదే నిష్పత్తిలో వెనక్కి తీసుకుంటుంది.

కళ్ళంలో ధాన్యం ఎత్తే రైతును చూడండి. బాగా పండిన ఏడు చివరి గింజలను మట్టిలోనే వదిలేస్తాడు. కరువు ఏడు నేలంతా ఊడ్చి ఎత్తుకుంటాడు కాబట్టి గింజంత బెడ్డలు కూడా గాదెలో పడతాయి. సోడియం ఆ గింజ, లిథియం ఆ బెడ్డ. చెమట, వాంతులు, విరేచనాలతో ఉప్పూ నీరూ పోయిన శరీరానికి అది కరువు ఏడే. రక్తపోటుకు ఇచ్చే హైడ్రోక్లోరోథయజైడ్ నాళిక చివరి భాగంలో సోడియాన్ని జారవిడుస్తుంది. అంటే గాదెకు చేరకముందే గోనెకు చిల్లు పడినట్టు, కాబట్టి కళ్ళంలో ఊడ్పు ఇంకా గట్టిగా సాగుతుంది. మోకాళ్ల నొప్పులకు దుకాణంలో అడిగి తెచ్చుకునే ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కూడా మూత్రపిండంలో రక్తనాళాలను వెడల్పుగా ఉంచే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలను తగ్గించి లిథియం బయటికి పోకుండా చేస్తాయి.

కామెర్లు అనగానే చప్పిడి పథ్యం పెట్టే అలవాటు మన ఇళ్లలో ఇంకా ఉంది. మామూలు కామెర్లకు దానివల్ల మేలేమీ లేదు. లిథియం వాడే మనిషికి మాత్రం ఉన్నట్టుండి ఉప్పు మానిపించడం నిజంగా ప్రమాదం. 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ ఉన్మాదానికి లిథియం పనిచేస్తుందని ప్రకటించిన ఏడాదే, అమెరికాలో ఉప్పు మానేసిన గుండెజబ్బు రోగులు ఉప్పుకు బదులు లిథియం క్లోరైడ్ చల్లుకొని తిని కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. కరువు పడిన కళ్ళంలోకే బెడ్డలను కుమ్మరించారన్నమాట. అమెరికాలో మందుగా లిథియానికి అనుమతి 1970లో గానీ రాలేదు.

మందుగా పనిచేసే స్థాయి లీటరు రక్తద్రవంలో సుమారు 0.6 నుంచి 1.2 మిల్లీమోళ్లు; 1.5 దాటితే విషలక్షణాలు మామూలే. చివరి మోతాదు వేసుకున్న 12 గంటలకు రక్తం తీసి చూసేది ఈ ఇరుకు సందునే. అయితే నెలల తరబడి వాడేవారిలో లిథియం మెదడు కణాల్లోకి కూడా చేరి ఉంటుంది. డయాలిసిస్ రక్తాన్ని త్వరగా శుభ్రం చేసినా, కణాల్లో దాగినది నెమ్మదిగా తిరిగి రక్తంలోకి దిగుతుంది. మీ అన్నయ్యకు డయాలిసిస్ అయిపోయాక కూడా కొన్ని గంటల తేడాతో మళ్లీ మళ్లీ రక్తపరీక్ష చేయవలసి వచ్చేది అందుకే.