దూబగుంట నుంచి గ్రామసభ దాకా

గ్రామసభలో వీధిలైటు గురించో, బెల్టు షాపు గురించో ఎవరైనా అడిగితే "అది పోలీసుల పని" అనో, "ఎక్సైజ్ వాళ్లకు చెప్పండి" అనో జవాబు వస్తుంటుంది. ఊరి భద్రత మీద ఊరివాళ్ల మాటకు ఎంత బలముందో ముందుగా చూపించింది నెల్లూరు జిల్లానే.

1991లో జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం ఊపందుకుంది. కలిగిరి మండలం దూబగుంటలో కూలికెళ్లే ఆడవాళ్లు రాత్రిబడికి రావడం మొదలుపెట్టారు. పలకలు పట్టుకుని కూర్చున్న చోటే ఇంటి బాధలూ బయటికొచ్చాయి. ఎవరిని కదిలించినా సారా గొడవే. మగవాళ్ల కూలి డబ్బులు దుకాణానికే పోతున్నాయి, రాత్రయితే తన్నులు. వర్ధినేని రోశమ్మ, తోటి మహిళలు కలిసి ఊళ్లోకి సారా రాకుండా అడ్డం నిలబడ్డారు. ఆ కథే వయోజనుల వాచకంలో పాఠమై ఊరూరా చేరింది. 1992లో ఉద్యమం జిల్లా అంతా పాకింది, సారా వేలంపాటలను మహిళలు అడ్డుకున్నారు. 1993 ఏప్రిల్‌లో జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించారు.

వాళ్లు తమకు కాపలా కావాలని అడగలేదు. గొడవ ఎక్కడ పుడుతోందో వేలు పెట్టి చూపించి, దాన్ని తీసెయ్యమన్నారు. ఏ వీధిలో ఏ వేళకు భయమేస్తుందో రోజూ అక్కడ నడిచేవాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?

అదే 1993 ఏప్రిల్‌లో, పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చింది. దాని వెంటే 1994 పంచాయతీరాజ్ చట్టం. గ్రామసభ పెట్టడం తప్పనిసరైంది, వీధిదీపాలు, రోడ్లు, మురుగుకాల్వల బాధ్యత పంచాయతీది. మద్యం దుకాణం లైసెన్సు మాత్రం ఎక్సైజ్ శాఖ చేతిలోనే ఉండిపోయింది. అందుకే దీపం గురించి అడిగితే పంచాయతీ తప్పించుకోలేదు, షాపు గురించి అడిగితే పై ఆఫీసు వైపు చూపించగలదు.

2019 అక్టోబరులో గ్రామ సచివాలయాలు వచ్చాయి, వాటిలో మహిళా పోలీసు ఉద్యోగం కూడా పెట్టారు. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చే పద్ధతి పేర్లు మారుతూ నేటికీ నడుస్తోంది. అయితే అర్జీ ఒక్క మనిషిది. దూబగుంటలో పనిచేసింది అందరూ కలిసి అన్న మాట. దానికి చట్టం ఇచ్చిన చోటు గ్రామసభే.

అక్కడ నోటితో చెప్పి వచ్చేస్తే ఆ మాట గాలికి పోతుంది. బడి పక్క సందులో ఏ స్తంభానికి దీపం లేదో గుర్తు చెప్పి మినిట్స్ పుస్తకంలో రాయించాలి. రాసింది చదివించుకుని విన్నాకే సంతకాలు, వేలిముద్రలు పెట్టాలి. తర్వాతి సభ మొదలవగానే పాత తీర్మానం చదవమని, దాని మీద ఏం చేశారో చెప్పమని కార్యదర్శిని అందరిలో అడగాలి.