హాలు తాళం ఎవరి దగ్గర ఉంది? పిల్లలకు ఒక ఉత్తరం

ప్రియమైన పిల్లలూ,

మీలో పాడేవాళ్లున్నారు, బొమ్మలు వేసేవాళ్లున్నారు, నలుగురినీ పోగేసి నాటకం వేద్దామని తిరిగేవాళ్లున్నారు. అలాంటి ఉత్సాహం కొన్నాళ్లకే చల్లారిపోవడం నేను చాలాసార్లు చూశాను. పట్టుదల లేక మానేశారని పెద్దవాళ్లు తేలిగ్గా అనేస్తారు. చాలావరకు కారణం అది కాదు. సాయంత్రం ఆరింటికి తలుపు తీసి ఉండే గది ఒక్కటి దగ్గర్లో లేకపోవడమే కారణం. ఆ గది ఉండాలా వద్దా, ఉంటే ఎన్నింటిదాకా తెరిచి ఉంచాలి, ఎవరికివ్వాలి, అద్దె ఎంత అన్నవి స్థానిక కౌన్సిల్ తేల్చే విషయాలు. అలాంటి నిర్ణయాలన్నీ ఒకచోట పెట్టి రాసిందే కళలు, సంస్కృతి ప్రణాళిక. పేరు వింటే పెద్దవాళ్ల వ్యవహారంలా ఉంటుంది. దాన్ని ఎలా చదవాలో, ఎక్కడ వేలు పెట్టి అడగాలో చెబుదామనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

కౌన్సిల్ అంటే రోడ్లు, నీళ్లు, వీధి దీపాలు కదా, పాటలతో నాటకాలతో దానికేం పని అని మీకు అనుమానం రావచ్చు. పని ఉంది, అది రాతలోనే ఉంది. 1948లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన విశ్వ మానవ హక్కుల ప్రకటన, తన సమాజపు సాంస్కృతిక జీవితంలో స్వేచ్ఛగా పాల్గొనే హక్కు ప్రతి మనిషికీ ఉందని 27వ అధికరణంలో చెప్పింది. 1989 నాటి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణంలో ఆ హక్కును పిల్లల పేరు మీద విడిగా రాసింది. మనిషి బతికేది ఏదో ఒక ఊళ్లోనో వార్డులోనో కాబట్టి, ఈ పనిలో చాలా భాగం స్థానిక సంస్థల మీద పడింది. బ్రిటన్‌లో 1948లో వచ్చిన స్థానిక ప్రభుత్వాల చట్టం, ఆస్తి పన్ను లెక్కలో పౌనుకు 6 పెన్నీల దాకా వినోద కార్యక్రమాలకు ఖర్చు పెట్టే అధికారం కౌన్సిళ్లకు ఇచ్చింది. భారత రాజ్యాంగంలోని పదకొండో షెడ్యూల్ పంచాయతీలకు అప్పగించదగిన అంశాల్లో గ్రంథాలయాలనూ సాంస్కృతిక కార్యక్రమాలనూ చేర్చింది. పన్నెండో షెడ్యూల్‌లో మున్సిపాలిటీలకూ ఇలాంటి అంశమే ఉంది. కాబట్టి గది కావాలని అడగడానికి మీరు మొహమాటపడక్కర్లేదు.

ప్రణాళిక మంచిదో కాదో నేను ముందు ఒక పేజీ చూసి చెబుతాను. ఊళ్లో ఇప్పటికే ఏం జరుగుతోందో రాసిన పేజీ అది. దీన్ని సాంస్కృతిక మ్యాపింగ్ అంటారు. బద్ధకంగా చేసిన మ్యాపింగ్‌లో భవనాలు మాత్రమే కనిపిస్తాయి: ఒక ఆడిటోరియం, ఒక మ్యూజియం, రెండు గ్రంథాలయాలు. మనుషులు కనిపించరు. మెట్ల కింద ఖాళీ జాగాలో డాన్స్ ప్రాక్టీస్ చేసే గుంపు అందులో ఉండదు. వేరే ప్రాంతం నుంచి వలస వచ్చి, తన భాషలోని పాటలు ఇంట్లో ఒక్కతే పాడుకునే ముసలావిడ ఉండదు. సైగల భాషలో కథలు చెప్పే అమ్మాయి ఉండదు. వీళ్లెవరో ఆఫీసులో కూర్చున్నవాళ్లకు తెలియదు, మీకు తెలుసు. ఆ పేజీని సరిదిద్దగలిగింది మీరే. ఇప్పటికే చేస్తున్నవాళ్లతో మొదలుపెట్టని ప్రణాళిక, ఎంత ఖర్చు పెట్టినా, బయటి నుంచి కళాకారుల్ని పిలిపించి ఒక సాయంత్రం చప్పట్లు కొట్టించి పంపడంతోనే సరిపెడుతుంది. అలాంటి సాయంత్రాలు నాకూ ఇష్టమే. అయితే మర్నాటికి మీ చేతిలో ఏం మిగిలింది అన్నది అసలు ప్రశ్న.

ఇక హాలు సంగతి. దీన్ని కొంచెం దగ్గరగా చూడండి, ఎందుకంటే ప్రణాళికలు ఎక్కువగా చెడేది ఇక్కడే. భవనం కట్టడానికి డబ్బు ఒక పద్దు నుంచి వస్తుంది, దాన్ని నడపడానికి ఇంకో పద్దు నుంచి. మొదటిది ఒక్కసారి ఇచ్చేది, రెండోది ఏటా ఇవ్వాల్సింది. కట్టేటప్పుడు అందరూ ఉత్సాహంగా ఉంటారు. కరెంటు బిల్లుకు, వాచ్‌మన్ జీతానికి, పాడైన మైకుకు, కారే పైకప్పుకు డబ్బు అడిగేసరికి అందరూ తప్పుకుంటారు.

హాలు ముందు నిలబడి నోటీసు బోర్డు చదవండి. పది నుంచి ఐదు అని ఉంటే, బడి వదిలాక, ఆఫీసులు వదిలాక రావాల్సినవాళ్లకు అది ఎప్పుడూ మూసి ఉన్నట్టే. తర్వాత బుకింగ్ ఫారం అడిగి తీసుకోండి. సంఘం రిజిస్ట్రేషన్ నంబరు రాయమంటుంది, డిపాజిట్ ముందే కట్టమంటుంది. పదహారేళ్ల పిల్లలు ఐదుగురికి రిజిస్ట్రేషన్ ఎక్కణ్ణుంచి వస్తుంది? ఎవరూ మిమ్మల్ని రావద్దని అనలేదు, అయినా మీరు రాలేరు. లోపలికి వెళ్లాక స్టేజీ దగ్గర కూడా ఆగి చూడండి. వీల్‌చైర్‌లో వచ్చే ప్రేక్షకుల కోసం గుమ్మం దగ్గర ర్యాంపు ఉంటుంది. స్టేజీ ఎక్కడానికి మాత్రం ఐదు మెట్లే ఉంటాయి. అంటే వీల్‌చైర్‌లో ఉన్న పిల్ల చూడటానికి వస్తుందని అనుకున్నారు గానీ, నటించడానికి వస్తుందని ఎవరికీ తోచలేదు. ఒక భవనం ఎవరిని దృష్టిలో పెట్టుకుని కట్టారో ఇలాంటి చోట తెలిసిపోతుంది.

కొలంబియాలోని మెడెయిన్ నగరం నాకు ఈ విషయంలో ఎంతో నచ్చిన ఉదాహరణ. ఒకప్పుడు హింసతో అల్లాడిన ఊరు అది. అక్కడి పాలకులు గ్రంథాలయాన్ని, పార్కును, కమ్యూనిటీ గదుల్ని ఒకచోట కలిపి, 'గ్రంథాలయ పార్కులు' అని పేరు పెట్టి పేద బస్తీల మధ్యలో కట్టారు. ఊళ్లో అన్నిటికన్నా మంచి భవనం అన్నిటికన్నా వెనకబడిన చోట ఉండాలన్న ఆ నిర్ణయానికి నేను చేతులెత్తి మొక్కుతాను. వాటిలో బాగా పేరొచ్చింది కొండ వాలు మీద 2007లో తెరిచిన, 'స్పెయిన్' అని పేరు పెట్టిన గ్రంథాలయ పార్కు. కానీ కొన్నేళ్లకే దాని కట్టడంలో లోపాలు బయటపడి, మూసేయాల్సి వచ్చింది. మరమ్మతులు ఏళ్ల తరబడి సాగాయి. ఆలోచన ఎంత గొప్పదైనా, గోడలు నిలబడాలి, వాటిని చూసుకునే మనిషి ఉండాలి, ఆ మనిషికి జీతం అందాలి. ప్రణాళికలో 'నిర్వహణ' అన్న పద్దు దగ్గర ఎంత రాశారో వెతకమని మీకు పదే పదే చెప్పేది అందుకే.

డ్రమ్స్ వాయించేవాళ్ల కోసం ఒక మాట. సంగీతానికి గండం చాలాసార్లు పక్కింటి ఫిర్యాదు రూపంలో వస్తుంది. ఎన్నో ఏళ్లుగా పాటలు వినిపిస్తున్న చోటి పక్కన కొత్తగా అపార్ట్‌మెంట్లు కడతారు. దిగినవాళ్లు గోల భరించలేమంటారు, చివరికి పాటే ఆగిపోతుంది. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 2014లో దీనికి న్యాయమైన నియమం తెచ్చింది. కొత్తగా ఎవరు వస్తే శబ్దం సంగతి వాళ్లే చూసుకోవాలి. పాత సంగీత వేదిక పక్కన ఇళ్లు కట్టే బిల్డరే లోపలికి శబ్దం రాకుండా గోడలు, కిటికీలు పెట్టించాలి. వేదికే కొత్తగా వస్తే ఆ ఖర్చు వేదికది. కళను కాపాడే పని నగర నిర్మాణ నియమాల్లోనూ ఉంటుందని దీన్ని బట్టి మీకు అర్థమవుతుంది.

డబ్బు ఎక్కణ్ణుంచి తెస్తారు అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. దారులున్నాయి. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పునర్నిర్మాణ సంస్థ తానిచ్చే స్థలాల్లో కట్టేవాళ్లు నిర్మాణ ఖర్చులో కనీసం 1 శాతం కళకు పెట్టాలని 1959లోనే షరతు పెట్టింది. తర్వాత చాలా నగరాలు ఆ దారి పట్టాయి. బ్రెజిల్‌లోని పోర్తో అలెగ్రేలో 1989 నుంచి బడ్జెట్‌లో కొంత భాగం దేనికి పెట్టాలో పేటల వారీగా మీటింగులు పెట్టి జనమే తేల్చుకునే పద్ధతి మొదలైంది. డబ్బు ఇచ్చినంత మాత్రాన నాటకంలో ఏం చెప్పాలో కౌన్సిల్ చెప్పకూడదు. ఆ విషయంలో నేను రాజీపడను. ఎవరికి గ్రాంటు ఇవ్వాలో తేల్చే కమిటీలో కళాకారులు, బయటివాళ్లు ఉండాలి. తిరస్కరిస్తే కారణం రాసి ఇవ్వాలి.

మరి మీరేం చేయాలి? ప్రణాళిక ముసాయిదా వచ్చినప్పుడు సలహాలు, అభ్యంతరాలకు గడువు ఇస్తారు. ఆ తేదీ దాటాక ఎంత మంచి మాటైనా ఫైల్లోకి ఎక్కడం కష్టం, కాబట్టి ముందు తేదీ చూసుకోండి. మీటింగ్ బడి వేళల్లో పెడితే మార్చమని అడగండి. తమకు సంబంధించిన విషయాల్లో అభిప్రాయం చెప్పే హక్కు పిల్లలకు ఉందని బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం చెబుతోంది, దాన్ని పేరు పెట్టి రాయండి. భాష గురించి టెన్షన్ పడకండి, ఒక పేజీ చాలు. 'యువత భాగస్వామ్యాన్ని ప్రోత్సహిస్తాం' అన్న వాక్యం కనిపిస్తే, దాని పక్కన ఎవరు, ఎప్పటిలోగా, ఏ పద్దు కింద అని మూడు ప్రశ్నలు రాయండి. అదే చోట ఏ వాక్యం ఉండాలో కూడా మీరే రాసివ్వండి. 'వారంలో నాలుగు సాయంత్రాలు తొమ్మిదింటిదాకా హాలు తెరిచి ఉంటుంది, పద్దెనిమిదేళ్లలోపు వాళ్లకు అద్దె లేదు, డిపాజిట్ లేదు, ఒక పెద్దవాళ్ల హామీ సంతకం చాలు' అని. అలా రాసిచ్చిన వాక్యం ప్రణాళికలోకి వెళ్తే, తర్వాత ఏడాది దాన్ని చూపించి 'ఇది జరిగిందా' అని అడగొచ్చు.

మీరు ఒక్కొక్కరే కాకుండా పాడేవాళ్లు, ఆడేవాళ్లు, బొమ్మలేసేవాళ్లు అందరూ కలిసి ఒకే కాగితం మీద సంతకాలు పెట్టండి. కాగితం ఇచ్చేటప్పుడు ఒక నకలు మీ దగ్గర ఉంచుకుని, దాని మీద అందినట్టు ముద్ర, తేదీ వేయించుకోండి.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ