తెలివికీ ఆయుష్షుకీ జన్యువుల ముడి ఎలా పడింది?

1932 జూన్ 1న స్కాట్లాండ్ బడుల్లో పదకొండేళ్ల పిల్లలందరికీ ఒకే తెలివి పరీక్ష పెట్టారు. 1921లో పుట్టిన 87,498 మంది దాన్ని రాశారు. 1947లో, 1936లో పుట్టినవాళ్లకి మళ్లీ పెట్టారు. ఈ రెండో పరీక్ష వెనక ఒక భయం ఉంది. పెద్ద కుటుంబాల పిల్లలకి మార్కులు తక్కువ వస్తున్నాయి కాబట్టి తరతరానికీ జాతి తెలివి తరిగిపోతుందని. మేలైన వంశాలవాళ్లే ఎక్కువమంది పిల్లల్ని కంటే జాతి బాగుపడుతుందనే ఆలోచన దీనికి మూలం. దానికి 1883లో 'యూజెనిక్స్' అని పేరు పెట్టింది ఇంగ్లండ్ శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్. తీరా లెక్క తీస్తే సగటు తగ్గకపోగా కొంచెం పెరిగింది.

ఆ పాత రిజిస్టర్లను 1990ల చివర్లో పరిశోధకులు ఇయాన్ డియరీ, లారెన్స్ వాలీ మళ్లీ వెలికితీశారు. వాటిలోని అబర్డీన్ నగరం పిల్లలు 2,792 మందిలో ఎవరు బతికున్నారో, ఎవరు లేరో ఆరా తీసి 2001లో ప్రచురించారు. పదకొండేళ్లప్పుడు ఐక్యూలో 15 పాయింట్లు తక్కువ వచ్చినవాళ్లు 76 ఏళ్లు బతికే అవకాశం మిగతావాళ్లతో పోలిస్తే దాదాపు ఐదో వంతు తక్కువ.

ఎందుకు? మంచి ఉద్యోగం, సిగరెట్ మానేయడం, డాక్టర్ మాట అర్థం చేసుకోవడం కారణాలు కావచ్చు. చిన్నప్పటి జబ్బులే మార్కులు తగ్గించి ఉండొచ్చు. లేదా ఒకే జన్యువులు మెదడు మీదా ఒంటి మీదా పనిచేస్తుండొచ్చు. ఈ మూడోది తేల్చడం రిజిస్టర్ల వల్ల అయ్యే పని కాదు.

దానికి దారి యూకే బయోబ్యాంక్ చూపించింది. పరిశోధన కోసం జనం రక్త నమూనాలూ ఆరోగ్య వివరాలూ దాచే బ్రిటన్ సంస్థ అది. 40 నుంచి 69 ఏళ్ల మధ్య వయసున్న ఐదు లక్షల మంది అందులో రక్తం ఇచ్చారు. వాళ్లలో సుమారు 1,12,000 మంది డీఎన్ఏను 2016లో ఎడిన్‌బరో బృందం పరిశీలించింది. తెలివి పరీక్షల్లో ఎక్కువ మార్కులతో కనిపించే జన్యు తేడాలు అల్జీమర్స్, స్కిజోఫ్రీనియా, గుండె రక్తనాళాల జబ్బు ఉన్నవాళ్లలో తక్కువగా ఉన్నాయి. ఆటిజం విషయంలో మాత్రం లెక్క తిరగబడింది, అవి ఎక్కువగా ఉన్నాయి. ఊరికే కలవరపడే స్వభావానికీ తెలివికీ మధ్య స్వల్పంగా ఎదురు సంబంధం ఉన్నట్టు తర్వాతి అధ్యయనాలు చూపాయి.

ఇక్కడితో ఆగిపోయి "అంతా పుట్టుకలోనే ఉంది" అనేవాళ్లు తర్వాత జరిగింది చదవరు. అసలు చదవాల్సింది అదే. 2022లో 1,78,086 మంది తోబుట్టువులను ఒకరితో ఒకరిని పోల్చి చూశారు. అమ్మానాన్నలూ ఇల్లూ ఒక్కటే కావడంతో తెలివి, చదువు, సిగరెట్ అలవాటు మీద జన్యువుల ప్రభావం చిన్నదైపోయింది. చదువుకీ ఒంటి బరువుకీ మధ్య జన్యు సంబంధమైతే దాదాపు సున్నాకి దిగింది.

ఇలా జన్యువులు ముడిపడినట్టు కనిపించడంలో పెళ్లి సంబంధాల పాత్ర కూడా ఉందని అదే ఏడాది మరో అధ్యయనం తేల్చింది. మన దగ్గర డాక్టర్‌కి డాక్టర్‌నే వెతికినట్టు, అక్కడా చదువుకీ ఆరోగ్యానికీ హోదాకీ సరిజోడు చూసుకుంటారు. అప్పుడు ఒకదానితో ఒకటి ఏ పనీ పంచుకోని జన్యువులు కూడా పిల్లల్లో కలిసి కనిపిస్తాయి.

ఈ లెక్కలు చాలావరకూ యూరప్ మూలాలున్నవాళ్ల డీఎన్ఏ మీద కట్టినవి. ఇతరులకి వాడితే డీఎన్ఏ చూసి వేసే అంచనా బాగా బలహీనపడుతుంది. మన పదివేల మంది జీనోమ్‌లు, అంటే మొత్తం డీఎన్ఏ, చదివిన జీనోమ్ ఇండియా ప్రాజెక్టులో హైదరాబాద్ పరిశోధన సంస్థ సీసీఎంబీ కూడా పాలుపంచుకుంది, ఆ డేటా 2025 జనవరిలో పరిశోధకుల చేతికి వచ్చింది. పిల్లల తెలివిని కొలవడానికి చేసిన పని కాదది. ఉమ్మి పరీక్షతో పిల్లాడు ఎంపీసీకి పనికొస్తాడా, బైపీసీకా చెబుతామని ఎవరైనా తల్లిదండ్రుల దగ్గర డబ్బు అడిగితే, అందుకు ఆధారం ఇంకా ఎక్కడా లేదు.