రష్యా కథల్లో అందరూ ఇవానులే ఎందుకు?

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

రష్యా జానపద కథల్లో ఎక్కడ చూసినా ఇవాన్ అనే పేరే ఎందుకుంటుందని మీరు అడిగారు. ఆ దేశంలో పేర్లకు కరవై కాదు.

988లో, రష్యన్ల పూర్వీకులను ఏలిన కీవ్ పాలకుడు వ్లదీమిర్ క్రైస్తవం స్వీకరించినప్పుడు, జ్ఞానస్నానంలో ఆయనకే వసీలీ అని కొత్త పేరు పెట్టారు. ఆ తరువాత, బిడ్డ పుట్టిన రోజుకు దగ్గరలో ఏ పునీతుని పండుగ వస్తే ఆ పేరు పెట్టడం క్రమంగా ఆచారమైంది. చర్చి పంచాంగంలో యోహాను అనే పునీతులు చాలామంది ఉన్నారు. గ్రీకుల ద్వారా వచ్చిన ఆ పేరే రష్యన్ల నోట ఇవాన్ అయింది కాబట్టి, ఏ నెలలో పుట్టినవాడైనా ఇవాన్ కావడానికి వీలుండేది.

అంతకుముందు నుంచీ ఉన్న పేర్లంటేనే నాకు ఎక్కువ మక్కువ. మొదటివాడు పెర్వుషా, మూడోవాడు త్రెత్యాక్, ఎదురుచూడగా పుట్టినవాడు జ్దాన్. ఇక నెక్రాస్ అంటే అందం లేనివాడు, నెమీల్ అంటే ముద్దు రానివాడు! కన్నబిడ్డకు ఇవేం పేర్లని ఆశ్చర్యపోకండి. నా చిన్నతనంలో మా ఎదురింట్లో పెంటయ్య మామ ఉండేవాడు. అంతకుముందు పుట్టిన పిల్లలు దక్కకపోవడంతో, ఆయనను చాటలో పడుకోబెట్టి పెంటకుప్ప మీద ఉంచి, ఎవరో పారేసిన బిడ్డను తెచ్చుకున్నట్టుగా తల్లి మళ్లీ ఎత్తుకుందట. ఆయనకు నెరిసిన మీసాలు వచ్చాక కూడా, పొలం నుంచి రావడం ఆలస్యమైతే ఆ తల్లి అరుగు దిగి వీధి మలుపు దాకా వెళ్లి చూసేది. నెక్రాస్‌ను కన్న తల్లి కూడా చెడు చూపు సోకకుండా ఆ పేరు పైకి పిలిచి, మంచులో ఆడుకోవడానికి వెళ్లిన కొడుకు కోసం అలాగే గుమ్మంలో నిలబడి ఉంటుందని నా నమ్మకం. అందుకే ఎవరి పేరు విన్నా నవ్వకూడదు నాయనా.

పంచాంగంలో చోటు లేని ఈ పేర్లు 17వ శతాబ్దం దాకా జ్ఞానస్నానపు పేర్ల పక్కనే బతికి, తరువాత ఇంటిపేర్లలో తలదాచుకున్నాయి. నికొలాయ్ అలెక్సేయెవిచ్ నెక్రాసోవ్ అనే గొప్ప కవి పేరే చూడండి: నికొలాయ్ ఆయన సొంత పేరు, అలెక్సేయెవిచ్ అంటే అలెక్సేయ్ కొడుకు, ఆ రెండూ గ్రీకుల నుంచి వచ్చిన పునీతుల పేర్లు కాగా, చివరన ఉన్నది మన పాత నెక్రాసే. మాస్కోలోని త్రెత్యాకోవ్ చిత్రశాల పేరులోనూ ఆ మూడోవాడు ఉన్నాడు.

ఈసారి గ్రంథాలయానికి వెళ్లినప్పుడు రష్యా పుస్తకాల అట్టల మీద పేర్ల చివరి భాగం చదవండి. జ్దానోవ్ కనిపించినా, తోడేలు పేరు పెట్టుకున్నవాడి వంశమైన వోల్కోవ్ కనిపించినా నాకు రాయండి.

మీ తాతయ్య